పదికి మూడు

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి ఒక అట్టపెట్టె కిందికి దిగింది. పాత పేపర్లవాడికి వేసేద్దామని మా ఆవిడ, వద్దని నేను. కాసేపు వాదన నడిచాక, ఎప్పటిలాగే ఆమె వంటింట్లోకీ నేను పెట్టెలోకీ వెళ్లిపోయాం.

పెట్టె నిండా నేను ఇంగ్లిషు లెక్చరర్‌గా ఎంఏ పిల్లలకు చెప్పిన పాఠాల నోట్సు. పచ్చబడిన కాగితాలు, తుప్పు పట్టిన గుండుసూదులు. ఒక ఫైలు మీద నా చేతిరాతే: ‘బెకెట్ - వెయిటింగ్ ఫర్ గోడో - 1999’. దుమ్ము దులిపి చదవడం మొదలుపెట్టాను. మొదట నవ్వొచ్చింది. రెండు పేజీలు తిరిగేసరికి ఆ నవ్వు పోయింది.

ఈ బెకెట్ గారిదే ‘క్రాప్స్ లాస్ట్ టేప్’ అని ఒక చిన్న నాటకం ఉంది. 1958 నాటిది. అందులో 69 ఏళ్ల ముసలాయన ఒక్కడే గదిలో కూర్చుని, తన 39వ ఏట తాను మాట్లాడి రికార్డు చేసుకున్న టేపు పెట్టుకుని వింటుంటాడు. అప్పటి తన గొప్పలు విని, ఇంత మూర్ఖుణ్నా నేను అని తిట్టుకుంటాడు. 1999లో నా వయసు సరిగ్గా 39. అరవై తొమ్మిది ఇంకా రాలేదు గానీ, మిగతాదంతా అదే.

బెకెట్ ఎవరో తెలియనివాళ్లు కంగారు పడనక్కర్లేదు. నోబెల్ బహుమతి వచ్చిందని తెలిసినప్పుడు ఆయన భార్య సూజాన్ కూడా అయ్యో, కొంప మునిగింది అన్నట్టే మాట్లాడిందట. అంత మొహమాటస్థుడు. ఐర్లండులో డబ్లిన్ దగ్గర 1906లో, గుడ్ ఫ్రైడే రోజున పుట్టాడు. జీవితంలో ఎక్కువ భాగం పారిస్‌లో గడిపి, 1989లో అక్కడే పోయాడు. మాతృభాష ఇంగ్లిషు అయినా పెద్ద రచనలు చాలావరకు ముందు ఫ్రెంచిలో రాసి, తర్వాత తానే ఇంగ్లిషు చేసుకున్నాడు. నవలలు రాశాడు, నాటకాలు రాశాడు. 1969లో వచ్చిన నోబెల్ అందుకోవడానికి తాను వెళ్లకుండా తన పబ్లిషర్‌ను పంపాడు.

‘వెయిటింగ్ ఫర్ గోడో’ 1953 జనవరి 5న పారిస్‌లో మొదటిసారి ఆడింది. ఊరి బయట ఒక బాట. ఒక చెట్టు. సాయంత్రం. ఇద్దరు బీదవాళ్లు గోడో అనే పెద్దమనిషి కోసం ఎదురుచూస్తుంటారు. ఒకడికి చెప్పులోంచి కాలు రాదు, కాల్లోంచి చెప్పు రాదు. మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు, ముల్లంగీ క్యారెట్టూ నములుతారు. దారిన ఒక దొర, మెడకు తాడు కట్టిన నౌకరును తోలుకుంటూ పోతాడు. చీకటి పడే వేళకు ఒక పిల్లాడు వచ్చి, అయ్యగారు ఇవాళ రారు, రేపు తప్పకుండా వస్తారు అని చెప్పి పోతాడు. రెండో అంకంలోనూ దాదాపు ఇదే. ఆ పిల్లాణ్ని నిన్న వచ్చింది నువ్వే కదా అంటే, నేను కాదంటాడు. అంతే నాటకం.

దీని గురించి నా నోట్సులో ఏముందంటే: ‘అసంబద్ధ నాటక లక్షణములు. ఒకటి, కథ లేకపోవుట. రెండు, కాలము, స్థలము నిర్దిష్టముగా లేకపోవుట. మూడు, జీవితము అర్థరహితమని చూపుట...’ ఇలా తొమ్మిది దాకా. నేను చదువుకున్నప్పుడు మా మాస్టారు చెప్పినవి ఏడు. ఒక గైడు చూసి ఇంకో రెండు నేను కలిపాను. అదీ నా పరిశోధన.

ఆ ఏడాది ఇంటర్నల్ పరీక్షలో నేనిచ్చిన ప్రశ్న, ఇది అసంబద్ధ నాటకమని నిరూపించుము. పది మార్కులు. అప్పుడు నేను కరీంనగర్ జిల్లాలో ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. పరీక్ష రాసినవాళ్లంతా నా తొమ్మిది లక్షణాలూ నాకే తిరిగి అప్పజెప్పారు. ఒకమ్మాయి మాత్రం అప్పజెప్పలేదు.

ఆ జవాబు ఇప్పటికీ నాకు చాలావరకు గుర్తుంది. వాళ్ల నాన్న పదేళ్ల కిందట దుబాయి పోయాడు. అప్పటికి తమ్ముడు తల్లి కడుపులో ఉన్నాడు. వాడికి నాన్న ముఖం తెలియదు, ఫొటో తెలుసు. కొన్నాళ్లకోసారి గల్ఫ్ నుంచి తిరిగొచ్చే వాళ్లెవరో ఒక కేసెట్టు, రెండు సబ్బులు, ఒక మాట పట్టుకొస్తారు. వచ్చే దసరాకు వస్తాడు అని. ప్రతిసారీ మనిషి మారుతాడు, మాట మారదు. పోయినసారి చెప్పినాయన కనిపిస్తే, నాకేం తెలుసమ్మా, నేను వేరే క్యాంపులో ఉంటా అంటాడు. అమ్మ పండక్కి పుట్టింటికి కూడా పోదు. సరిగ్గా ఆ రోజే ఆయన వస్తే? తాళం వేసిన ఇల్లు చూస్తే?

ఇదంతా వరసగా ఇంగ్లిషులో రాసింది. అక్కడక్కడా వ్యాకరణం తప్పులున్నాయి. చివర్న ఒక్క మాట: ఈ నాటకం జీవితానికి అర్థం లేదని చెబుతోందని నోట్సులో ఉంది, కానీ మా అమ్మ బతుకు అర్థం లేనిది కాదు, ఆ ఇద్దరిదీ కాదు, వాళ్లకు రోజంతా పనే.

నేను పదికి మూడు వేశాను. మార్జిన్లో ఎర్ర ఇంకుతో ‘ఇర్రెలవెంట్’ అని రాశాను. అసంబద్ధ నాటకం మీద జవాబు అసంబద్ధంగా ఉందని మార్కులు కోసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే అయ్యుంటాను. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో పెట్టుకుంది.

ఆ మూడు మార్కుల మీద నాకు మొదటిసారి అనుమానం కలిగింది 2004లో. ఏదో పని మీద హైదరాబాదు వెళ్లి, ఆదివారం కావడంతో ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. ఇటుకంత మందాన ఒక పుస్తకం కనిపించింది. జేమ్స్ నోల్సన్ రాసిన బెకెట్ జీవితచరిత్ర, 1996లో వచ్చింది. నోల్సన్‌తో ఆయన చివరి నెలల్లో స్వయంగా కూర్చుని మాట్లాడాడు. పుస్తకం కొని, కరీంనగర్ బస్సెక్కి, సిద్దిపేట దాటకముందే నా నోట్సులో రెండో లక్షణం కూలిపోయింది.

రెండో లక్షణం ఏమిటి? కాలము, స్థలము నిర్దిష్టముగా లేకపోవుట.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు పారిస్‌ను ఆక్రమించినప్పుడు, తటస్థ దేశం వాడైన బెకెట్ హాయిగా ఐర్లండు పోయి ఉండొచ్చు. పోలేదు. ‘గ్లోరియా’ అనే రహస్య ప్రతిఘటన దళంలో చేరాడు. ఊళ్లలోంచి చీటీల మీద వచ్చే సైనిక సమాచారాన్ని కూర్చి, టైపు చేసి అందించడం ఆయన పని. 1942 ఆగస్టులో ఎవరో ద్రోహం చేసి దళాన్ని పట్టిచ్చారు. ఆయన్ని ఇందులోకి తెచ్చిన స్నేహితుడు ఆల్ఫ్రెడ్ పెరోన్ దొరికిపోయాడు. నాజీల నిర్బంధ శిబిరంలో చిక్కి శల్యమై, 1945లో విడుదలయ్యాక ఇల్లు చేరకుండానే దారిలో చనిపోయాడు. బెకెట్, సూజాన్ తృటిలో తప్పించుకుని, రాత్రిపూట నడుస్తూ, దొరికినచోట పడుకుంటూ దక్షిణాదిన రూసియోన్ అనే కొండ మీది పల్లెకు చేరారు. అక్కడ రెండేళ్లకు పైగా దాక్కున్నారు. పగలు రైతుల పొలాల్లో కూలి. కూలికి బదులు కూరగాయలు, బంగాళాదుంపలు. ద్రాక్షతోట ఉన్న ఒక రైతు దగ్గర వైను. చేసే పనల్లా ఆ పూట తిండి చూసుకోవడం, యుద్ధం అయిపోతుందని ఎదురుచూడటం. ఎప్పుడు అయిపోతుందో చెప్పేవాళ్లు లేరు. వచ్చే కబుర్లు మాత్రం బోలెడు.

చెప్పు బిగిసిపోయిన కాలు, ముల్లంగి, దొరగారి కంట పడకూడదన్న భయం, రాత్రి ఎవరో కొట్టారని చెప్పుకోవడం, ఇవన్నీ నేను క్లాసులో ‘ప్రతీకలు’ అని చెప్పినవి.

ఇంకో ముచ్చట చెప్పాలి. రెండో అంకంలో ఇద్దరిలో ఒకడైన వ్లదిమిర్, మనం ఫలానా ఊళ్లో ఫలానా ఆయన దగ్గర ద్రాక్షపళ్లు కోశాం గుర్తులేదా అంటాడు. ఇంగ్లిషు నాటకంలో అతనికి ఆ ఊరి పేరూ రాదు, ఆ మనిషి పేరూ రాదు. వేళ్లు చిటికెలేస్తాడు, అయినా రాదు. దీని పక్కన నా నోట్సులో ‘మానవ స్మృతి వైఫల్యం’ అని రాసుకున్నాను. ఏటా దీన్ని డిక్టేట్ చేశాను కూడా. తీరా చూస్తే ఫ్రెంచి మూలంలో రెండు పేర్లూ ఉన్నాయి! ఊరు రూసియోన్. ఆ మనిషి బొనెల్లీ, అంటే బెకెట్ ద్రాక్షలు కోసిన అసలు రైతు. ఇంగ్లిషు చేసేటప్పుడు బెకెట్టే తుడిపేశాడు. మరచిపోయింది పాత్ర కాదు, చెరిపింది రచయిత. నా తొమ్మిది లక్షణాలూ ఆ చెరిపిన చోట మొలిచినవే.

ఇంతకన్నా పెద్దది రాతప్రతిలో ఉంది. ఇద్దరిలో రెండోవాడు ఎస్ట్రగాన్. బెకెట్ మొదట రాసుకున్న నోటుబుక్కులో అతని పేరు లెవీ. యూదుడి పేరు. 1940లలో ఫ్రాన్సులో ఆ పేరున్నవాడు ఊరి బయట చెట్టు కింద ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడంటే, దాన్ని అసంబద్ధం అని ఎవరనగలరు?

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఎస్లిన్ మీద కోపం వచ్చింది. మార్టిన్ ఎస్లిన్ అనే విమర్శకుడు 1961లో ‘థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్’ అనే పుస్తకం రాశాడు. మన దేశంలో ఇంగ్లిషు ఎంఏ చదివిన వాళ్లందరి నోళ్లలో నానే ఆ మాటను పాపులర్ చేసింది ఆయనే. మరి ఎస్లిన్‌ను తిట్టాలంటే చదవాలి కదా. అప్పటిదాకా ఆయన పుస్తకం నేను చదవలేదు. అందులోంచి గైడువాడు ఎత్తి రాసిన నాలుగు పేరాలే చదివాను. లైబ్రరీలో పట్టుకుని మొదటి పేజీ తెరిస్తే మళ్లీ తల దించుకోవాల్సి వచ్చింది. ఆ పుస్తకం లక్షణాలతో మొదలు కాదు. జైలుతో మొదలవుతుంది.

1957 నవంబరు 19. అమెరికాలో శాన్ క్వెంటిన్ జైలు. ఎదురుగా 1,400 మంది ఖైదీలు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన నాటక బృందం గోడో వేసింది. ఈ నాటకమే ఎందుకంటే, ఇందులో ఆడపాత్ర లేదు, జైల్లో ఇబ్బంది ఉండదని. అంతకు ముందు ఏడాదే మయామీలో డబ్బున్న పెద్దమనుషులు, ఇదేదో హాస్య నాటకమన్న ప్రకటన చూసి వచ్చి, మధ్యలోనే లేచిపోయారు. చదువుకున్నవాళ్లకే అర్థం కానిది ఖైదీలకేం అర్థమవుతుందని నటులకు వణుకు. తీరా ఖైదీలు కదలకుండా చూశారు. గోడో అంటే సమాజం అన్నారు, బయటి ప్రపంచం అన్నారు. అర్థం ఏమిటని వాళ్లెవర్నీ అడగలేదు. ఎదురుచూడటం అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు మరి.

ఆ రోజు రిక్ క్లూచీ అనే యావజ్జీవ ఖైదీకి నాటకం చూడటానికి అనుమతి దొరకలేదు. సెల్‌లో ఉండి లౌడ్‌స్పీకర్‌లో విన్నాడు. విని, జైల్లోనే నాటకాల బృందం పెట్టాడు. విడుదలయ్యాక బెకెట్ దగ్గరికి చేరాడు. 1977లో బెర్లిన్‌లో, ఇందాక చెప్పానే ఆ టేపు నాటకం, దాన్ని బెకెట్ దర్శకత్వంలోనే ఆడాడు. చూడకుండా విన్నవాడికి అంత అర్థమైంది. ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్న నాకు కాలేదు.

ఎస్లిన్ తప్పేం లేదని అప్పుడు తెలిసింది. ఆయన ఆ జైలు కథ చెప్పి, అక్కణ్నుంచి సిద్ధాంతంలోకి నడిచాడు. మేము సిద్ధాంతాన్ని మాత్రం కోసి తెచ్చుకుని, జైలును అక్కడే వదిలేశాం.

అక్కణ్నుంచి నాకు బెకెట్ మీద విమర్శ చదవడం ఒక వ్యసనమైపోయింది. రిటైరైనా వదల్లేదు. ఎంతమంది ఎన్ని దారుల్లో వెళ్లారో! గోడోలో గాడ్ ఉన్నాడు కాబట్టి దేవుడే అన్నవాళ్లున్నారు. నాటకం ముందు రాసింది ఫ్రెంచిలో, ఆ భాషలో దేవుడి పేరు వేరు. ఫ్రెంచి యాసలో బూటును ‘గొదియో’ అంటారు, అందులోంచి వచ్చిందేమో పొమ్మన్నాడు బెకెట్. గోడో ఎవరో నాకు తెలిస్తే నాటకంలోనే చెప్పేవాణ్నన్నాడు ఇంకోచోట.

హ్యూ కెన్నర్ అనే కెనడా విమర్శకుడిది వేరే దారి. నాకు ఆయనంటే ఇష్టం, ఎందుకంటే నవ్విస్తాడు. బెకెట్ నవలల్లో సైకిళ్లు ఎందుకున్నాయని పట్టుకున్నాడు. పాతకాలం గ్రీకుల కథల్లో సగం మనిషి, సగం గుర్రం ఉంటుంది కదా, అలా సగం మనిషి, సగం సైకిలు. శరీరం ఒక యంత్రం, దాని మీద మనసు స్వారీ చేస్తుందన్న తత్వవేత్త డెకార్ట్ ఊహను బెకెట్ ఇలా ఎగతాళి చేశాడంటాడు. ‘మొల్లోయ్’ అనే నవలలో ఆ సైకిలు కుంటాయన దగ్గర చప్పరించడానికి 16 గులకరాళ్లుంటాయి. నాలుగు జేబులు. ఒకసారి చప్పరించిన రాయి, మిగతా పదిహేనూ అయ్యేదాకా మళ్లీ నోట్లోకి రాకూడదు. ఎలా మార్చాలి? దీనికోసం పేజీలకు పేజీలు లెక్కలు వేస్తాడు. చివరికి దారి దొరుకుతుంది. దొరికాక, రాళ్లన్నీ ఒకే రుచి కదా అని ఒక్కటి ఉంచుకుని మిగతావి పారేస్తాడు, ఆ ఒక్కటీ కూడా పోతుంది. మా ఆవిడకు ఈ ఘట్టం చదివి వినిపిస్తే, మీ ఇన్‌కంటాక్స్ ఫారంలా ఉంది అంది. విమర్శ అంటే అదీ.

జర్మన్ తత్వవేత్త అడార్నో ఇంకో రకం. ‘ఎండ్‌గేమ్’ నాటకంలో యుద్ధాల తర్వాత శిథిలమైన ప్రపంచాన్ని చూశాడు. గొప్ప వ్యాసం రాశాడు, కష్టంగా ఉంటుంది. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇద్దరూ కలిసినప్పుడు, మీ నాటకంలో హామ్ అన్న పేరు హామ్లెట్ నుంచే వచ్చిందన్నాడు. బెకెట్, నేను అలా అనుకోలేదండీ అన్నాడు. అయినా ఆ సాయంత్రం సభలో అడార్నో అదే మాట మళ్లీ చెప్పాడు. ప్రొఫెసర్లు తమ తప్పులతోనే ముందుకు పోగలగడమే శాస్త్రం ప్రగతి అని బెకెట్ పక్కనున్న తన జర్మన్ పబ్లిషర్ చెవిలో అన్నాడట. ఇది చదివినప్పుడు ఆయన నా చెవిలోనే అన్నట్టనిపించింది.

విమర్శకులంటే ఆయనకు పాత కక్ష. గోడోలోని ఇద్దరూ పొద్దుపోక తిట్ల పోటీ పెట్టుకుంటారు. ఇంగ్లిషు నాటకంలో చిట్టచివరి తిట్టు, ఎదుటివాడు దిమ్మ తిరిగి ఓడిపోయే తిట్టు, ‘క్రిటిక్’. అయితే తాను మాత్రం తక్కువ తిన్నాడా? 1931లో నవలాకారుడు ప్రూస్ట్ మీద విమర్శ పుస్తకం రాశాడు. అంతకుముందు 1930లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఒక ఫ్రెంచి కవి మీద పండిత ప్రసంగం చేశాడు. పుట్టుక, మరణం, సిద్ధాంతం అన్నీ చెప్పాడు. అలాంటి కవి లేనేలేడు! తర్వాత కొద్దికాలానికే లెక్చరర్ ఉద్యోగం వదిలేశాడు. నాకే సరిగా తెలియని దాన్ని ఇంకొకరికి ఎలా చెప్పాలన్నది ఆయన బాధ. మనలో ఎవరికీ ఇంతవరకు ఆ బాధ కలిగినట్టు లేదు.

ఇంత చదివాక నాకు అనిపించిందేమిటంటే, నోల్సన్ పుస్తకం చదివిన మర్నాడు నేను చేయబోయింది కూడా పాత తప్పే. గోడో అంటే యుద్ధం ముగియడం, ఆ ఇద్దరూ అజ్ఞాతంలోని ప్రతిఘటన వీరులు అని కొత్త నోట్సు రాయడానికి కూర్చున్నాను. రెండు పేజీలు రాశాను కూడా, ఫైలులో ఉన్నాయి. అది నిజమైతే బెకెట్ ఆ పేర్లు ఎందుకు తుడిపేశాడు? 1985లో గోంటార్‌స్కీ అనే ఆయన బెకెట్ రాతప్రతులన్నీ వరస పెట్టి పరిశీలించి ఒక పుస్తకం రాశాడు. ప్రతి చిత్తులోనూ ఊరూ పేరూ సంగతీ ఉంటాయి. తిరగరాసే కొద్దీ అవి రాలిపోతుంటాయి. ఒక నాటకం చిత్తుప్రతి మీదైతే దీన్ని ఇంకాస్త మసక చేయాలి అని తనకు తానే గుర్తు రాసుకున్నాడు.

నా బుద్ధికి తోచింది ఇది. తన లెవీనీ, తన బొనెల్లీనీ లేపేసి ఆ చెట్టు కింద జాగా ఖాళీ చేశాడు. ఖాళీ చేశాడు కాబట్టే శాన్ క్వెంటిన్ ఖైదీలు అక్కడ కూర్చోగలిగారు. 1993లో సరయేవో నగరం చుట్టూ తుపాకులు మోగుతుంటే, సూజన్ సోంటాగ్ కొవ్వొత్తుల వెలుగులో ఈ నాటకం వేసింది. ఇద్దరి బదులు మూడు జంటల్ని పెట్టింది. అందులో ఒక జంట ఇద్దరూ ఆడవాళ్లు. మొదటి అంకం వేసి ఆపేసింది, రెండో అంకం నిరాశను అక్కడివాళ్లు భరించలేరని. ఇక్కడ బెకెట్ మొండితనం కూడా చెప్పాలి. 1988లో హాలండులో ఆడవాళ్లు ఈ నాటకం ఆడబోతే ఆయన వద్దన్నాడు. కోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. స్త్రీవాద విమర్శకులు ఆయన్ని దీని మీద నిలదీశారు, న్యాయంగానే. ఎదురుచూడటంలో ఆడవాళ్లకున్న అనుభవం ఎవరికుంది?

ఖాళీ చేసిన ఆ జాగాలో మా జిల్లా పిల్ల ఒకతి 1999లో తన తల్లిని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, వాళ్లకు రోజంతా పనే అని రాసింది. ఎస్లిన్ చూపిన ఖైదీలకు తెలిసిందీ, నోల్సన్ వందల పేజీల్లో తవ్వి తీసిందీ ఆ పిల్ల ఒకటిన్నర పేజీలో ఉంది. నేను పదికి మూడు వేశాను.

2011లో ఒక పెళ్లిలో కలిసింది. పాత సహోద్యోగి కూతురి పెళ్లి. భోజనాల దగ్గర ఎవరో వచ్చి “నమస్తే సార్, గుర్తుపట్టిండ్రా?” అంటే, నేను గుర్తుపట్టకముందే నా ముఖం గుర్తుపట్టినట్టుంది. హైస్కూల్లో ఇంగ్లిషు టీచరట. ఇద్దరు పిల్లలట. పక్కన కూర్చోమన్నాను. ఏడేళ్లుగా మనసులో నలుగుతున్నది చెప్పేశాను. ఆ రోజు నీకు మార్కులు తప్పు వేశానమ్మా, రాసింది నువ్వే సరిగ్గా రాశావు అని.

ఆమె కాసేపు ఆలోచించింది. “మూడేసిండ్రు కద సార్. అయినా ఏం కాలే. ఫైనల్ల మీ నోట్సే రాసిన, ఫస్ట్ క్లాస్ వచ్చింది” అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నన్ను ఓదారుస్తోంది. అదే నాకు ఎక్కువ తగిలింది.

మీ నాన్నగారు, అని ఆగాను.

“బాపు వచ్చిండు సార్. 2007ల.”

పాస్‌పోర్టు కంపెనీవాళ్ల దగ్గరే ఉండిపోవడంతో బయటపడి, దొంగచాటుగా ఏళ్ల తరబడి కూలి చేశాడట. ఖల్లివల్లి అంటారు అక్కడ అలాంటివాళ్లను. యూఏఈ ప్రభుత్వం ఆ ఏడు క్షమాభిక్ష ప్రకటిస్తే టికెట్ కొనుక్కుని వచ్చాడు. పద్దెనిమిదేళ్లు. దిగిన రోజు ఊరంతా వచ్చి చూశారట. తమ్ముడు మాత్రం కొత్తవాళ్లకు పెట్టినట్టు నమస్తే పెట్టి పక్కకు నిలబడ్డాడట.

“ఇంట్ల ఎవరికీ ఏం మాట్లాడాల్నో తెల్వలే సార్. అమ్మకు మరీ. పొద్దుగాల లేస్తే ఆయన ఉంటడు, ఏం చెయ్యాలె? అప్పట్ల పంపిన కేసెట్లు అమ్మ దాచిపెట్టింది కద. అవి బాపే పెట్టుకుని వింటడు. అందుల వస్త వస్త అని చెప్పుడే ఉంటది. విని, గిట్ల మాట్లాడిన్నా నేను అంటడు.”

నాకు క్రాప్ టేపు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ తండ్రినీ తీసుకెళ్లి ఇంకో నోట్సులో పెట్టడం ఎందుకని.

“ఆ నాటకంల ఒకటి లేదు సార్” అంది తనే. “వస్తే ఏమయితదో లేదు.”

అవునమ్మా, లేదు. ఇన్నేళ్లుగా నేను చదివిన విమర్శకుల్లో ఒక్కరైనా ఆ ప్రశ్న ఇలా అడిగినట్టు నాకు గుర్తు లేదు. రాడు కాబట్టి ఎవడు అని అడిగారు గానీ, వస్తే వాడికి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుందా అని అడగలేదు.

ఎదుటి బంతి వైపు చూసి ఆమె ఒక్కసారి నవ్వింది. “అదిగో సార్, మీ గోడో. ఆ మూలకు, నీలం అంగీ.”

చూశాను. అరవై దాటిన మనిషి. ఎండకు నల్లబడిన ముఖం. చెప్పులు విప్పి కుర్చీ కిందికి నెట్టుకుని, ఒక కాలితో ఇంకో కాలు రాసుకుంటున్నాడు. పక్కన కూర్చున్న ఆవిడ తలవంచుకుని తింటోంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. విస్తట్లో అన్నం కలుపుకోకుండా అలాగే పెట్టుకుని, పెరుగు బకెట్ కోసం చెయ్యెత్తాడు. వడ్డించే కుర్రాడు ఇప్పుడే వస్తానని చెప్పి అవతలి వరసకు వెళ్లిపోయాడు.